సంతకానికి ముందు కాగితం చూపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలలో కొత్తగా అడుగుపెట్టే తల్లిదండ్రులకు ఎదురవుతున్న ఒక ఇబ్బందిని మీ పత్రిక ద్వారా విద్యాశాఖ దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను. మా అబ్బాయి చదువుతున్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో కొందరు పిల్లలు ఐదో తరగతి ముగించి వెళ్లిపోవడంతో వారి తల్లిదండ్రుల స్థానాలు ఖాళీ అయ్యాయి. అలా ఖాళీ అయిన ఒక స్థానానికి ఇటీవల నన్ను ఎన్నుకున్నారు. ఈ కొద్దికాలంలో నాకు అర్థమైనంత వరకు, కమిటీలు నామమాత్రంగా మిగిలిపోవడానికి తల్లిదండ్రుల ఉదాసీనతో, ఉపాధ్యాయుల పెత్తనమో అసలు కారణం కాదు. సభ్యులు సంతకం చేయవలసిన కాగితం సంతకం చేసే క్షణం దాకా వారి కంట పడకపోవడమే కారణం. తీర్మానాల ముసాయిదా, నిధుల లెక్క, అభివృద్ధి ప్రణాళిక, ఈ మూడూ సమావేశానికి కనీసం వారం ముందు సభ్యుల చేతికి అందేలా చూడాలన్నదే నా విన్నపం.

బాలల ఉచిత, నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. దాని 21వ సెక్షన్ ప్రకారం కమిటీ సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. సగం మంది మహిళలు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన చోటు దక్కాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురి చొప్పున ఎన్నుకుంటున్నారు. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరుగా ఉంటారు. అసలు మనకు ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ఒక చట్టం చేసి కమిటీలు వేశారు, మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని విద్యా కమిటీ అనే పిలుస్తారు. ఎయిడెడ్, మైనారిటీ పాఠశాలల్లో ఈ కమిటీలకు 2012 సవరణ తర్వాత సలహా ఇచ్చే పాత్ర మాత్రమే మిగిలింది. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకైతే ఈ సెక్షనే వర్తించదు. కాబట్టి, బడి ఎలా నడుస్తోందని నిలదీసే హక్కును చట్టం పూర్తిస్థాయిలో ఇచ్చింది సర్కారు బడికి పిల్లల్ని పంపే మాలాంటి వారికే. ఈ సంగతి చాలామంది సభ్యులకు తెలియదు.

కమిటీ ఏం చేయాలో చట్టం స్పష్టంగా చెప్పింది. పాఠశాల పనితీరును గమనించాలి, అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి సిఫారసు చేయాలి, ప్రభుత్వం నుంచి గానీ స్థానిక సంస్థ నుంచి గానీ మరెక్కడి నుంచైనా గానీ వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడాలి. కేంద్రం తయారుచేసిన నమూనా నియమాలు ఇంకొంచెం ముందుకు వెళ్లి, కమిటీ నెలకు ఒకసారైనా సమావేశం కావాలనీ, అక్కడి చర్చలూ నిర్ణయాలూ సక్రమంగా నమోదు చేసి ప్రజలకు అందుబాటులో ఉంచాలనీ చెబుతున్నాయి.

ఆచరణలో జరుగుతున్నది వేరు. సమావేశం ఉందని ముందురోజు సాయంత్రం పిల్లల ద్వారా కబురు వస్తుంది. వెళ్లేసరికి బల్ల మీద తీర్మానాల పుస్తకం తెరిచి ఉంటుంది. ఒక్కోసారి తీర్మానం అప్పటికే రాసి ఉంటుంది, ఒక్కోసారి పైన తేదీ మాత్రం వేసి, మధ్యలో సగం పేజీ ఖాళీ వదిలి, కింద సభ్యుల పేర్లు వరుసగా రాసి ఉంచుతారు. "మీ పేరు దగ్గర సంతకం పెట్టండమ్మా, విషయం తర్వాత రాసుకుంటాం" అంటారు. ఆ మాట అనేవారికి దురుద్దేశం ఉందని నేను అనను. అప్పటికి మధ్యాహ్న భోజనం వేళవుతుంటుంది, అవతల తరగతి గదిలో పిల్లలు అల్లరి చేస్తుంటారు, మండల కార్యాలయం నుంచి తీర్మానం ఫొటో ఇంకా రాలేదని ఫోను వస్తుంటుంది. సంతకం పెట్టకపోతే బడికి రావలసినదేదో ఆగిపోతుందన్న భయం సభ్యులది. ఇలాంటి స్థితిలో ఎవరైనా సంతకమే పెడతారు. ఏం తీర్మానించామో ఇంటికి వెళ్లాక పక్కింటి వారు అడిగితే చెప్పడానికి మా దగ్గర మాట ఉండదు.

డబ్బు సంగతి చూద్దాం. బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ప్రతి బడికీ పిల్లల సంఖ్యను బట్టి ఏటా ఒక నిధి ఇస్తారు. 30 మంది లోపు ఉంటే 10 వేలు, 100 మంది లోపు 25 వేలు, 250 మంది లోపు 50 వేలు, ఆ పైన 1,000 మంది వరకు 75 వేలు, అంతకు మించితే లక్ష రూపాయలు. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు చేయాలన్న నిబంధన ఉంది. క్రీడా సామగ్రికి ప్రాథమిక పాఠశాలకు 5 వేలు, ప్రాథమికోన్నత పాఠశాలకు 10 వేలు, ఉన్నత పాఠశాలకు 25 వేలు విడిగా ఇస్తారు. ఇవి పెద్ద మొత్తాలు కావు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, ఫ్యాను మరమ్మతు, కరెంటు బిల్లు అంటూ పోతే 25 వేలు ఏ మూలకూ రావని నేనూ ఒప్పుకుంటాను. కానీ చిన్న మొత్తం కాబట్టే ఏది ముందు, ఏది వెనక అన్న నిర్ణయం కీలకమవుతుంది. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు గడియ విరిగిపోయి ఉన్నప్పుడు గోడలకు కొత్త రంగు వేయించాలా అన్నది తల్లులను అడిగి తేల్చుకోవలసిన విషయం.

2021 నుంచి ఈ నిధులు బడి ఖాతాలో నిల్వ ఉండవు. రాష్ట్రం మొత్తానికి ఉన్న ఒకే ఉమ్మడి (నోడల్) ఖాతా కింద, ఏ బడి ఎంతవరకు ఖర్చు చేయవచ్చో ఆ పరిమితి మాత్రం చూపిస్తారు, చెల్లింపులు ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి. దీనివల్ల లెక్క పక్కాగా ఉంటుందని అధికారులు అంటారు, అది నిజమే. అయితే పాసుపుస్తకం తెరిచి ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అని చూసుకునే పాత వీలు సభ్యులకు పోయింది. ఆ పరిమితి ఎప్పుడు పడిందో, ఎప్పుడు వెనక్కి పోయిందో కంప్యూటరు ముందు కూర్చున్నవారికే తెలుస్తుంది. విడుదల ఆలస్యమై మార్చిలో పడిందంటే, నెలాఖరులోగా ఖర్చు చూపించాలన్న తొందరలో ముందు కొనేసి తర్వాత తీర్మానం రాయడం అనివార్యమవుతుంది. అలాంటప్పుడు అడగకూడని పని అడిగినవారూ ఇబ్బంది పడతారు, పెట్టకూడని సంతకం పెట్టినవారూ ఇబ్బంది పడతారు.

ఇంకో లెక్క కూడా ఉంది. 2025లో తల్లికి వందనం పథకం కింద ఒక్కో విద్యార్థికి ప్రకటించిన 15 వేల రూపాయల్లో 13 వేలు తల్లుల ఖాతాల్లో జమచేసి, 2 వేలు పాఠశాలల నిర్వహణకు, పారిశుద్ధ్యానికి మినహాయించారు. ఆ మినహాయింపును నేను తప్పుపట్టడం లేదు. బడి శుభ్రంగా ఉండాలని కోరని తల్లి ఎవరూ ఉండరు. అరవై మంది పిల్లలకు పథకం అందిన బడి తరఫున లెక్కవేస్తే అది లక్షా 20 వేలు. ఆ సొమ్ములో తమ బడికి ఎంత వచ్చింది, దేనికి వాడారు అని తల్లులు దారిలో ఎదురుపడి నన్ను అడుగుతున్నారు. కమిటీ సభ్యురాలిగా జవాబు చెప్పవలసిన బాధ్యత నాది. చెప్పడానికి నా చేతిలో ఒక్క కాగితం లేదు.

మధ్యాహ్న భోజనం దగ్గర మాత్రం పరిస్థితి కొంత మెరుగు. అక్కడ కాగితం లేకపోయినా కళ్లెదుట వంట ఉంది. 2015 నాటి మధ్యాహ్న భోజన నియమాలు వంట నాణ్యతను, వండే చోటి శుభ్రతను చూసే బాధ్యత యాజమాన్య కమిటీకే అప్పగించాయి. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అన్నది కేంద్రం పెట్టిన కొలత. దాని వల్ల 450 కేలరీల శక్తి, 12 గ్రాముల ప్రోటీన్ అందాలి. అరవై మంది తింటే పప్పు కిలో 200 గ్రాములు, కూరగాయలు 3 కిలోలు, నూనె 300 గ్రాములు పడాలన్నమాట. పదిమందికి వండిపెట్టిన అనుభవం ఉన్న ఏ గృహిణికైనా ఈ నాలుగు అంకెలు చెబితే చాలు, గిన్నెలోకి తొంగిచూసి సాంబారులో పప్పు ఎంత పడిందో చెప్పేయగలదు. మా కమిటీలో చదువు అంతగా లేని ఒక సభ్యురాలు ఈ కొలత తెలిసిన రోజునే వంటగదిలోకి వెళ్లి, ఆ రోజు హాజరైన పిల్లలెందరో అడిగి, పప్పు డబ్బా చేతిలోకి తీసుకుని చూసింది. వంట చేసే ఆమె నొచ్చుకోలేదు సరికదా, బిల్లులు ఆలస్యమైతే సరుకులు అప్పు మీద తేవలసి వస్తోందని తన కష్టం చెప్పుకుంది. ఆ విషయం తర్వాతి సమావేశంలో చర్చకు వచ్చింది, మండల విద్యాధికారికి విన్నపం వెళ్లింది. నెలకు 3 వేల గౌరవ వేతనంతో వండిపెడుతున్న మనిషి గోడు కమిటీ దాకా రావడానికి ఒక చిన్న సమాచారం దారి తీసింది. మిగతా విషయాల్లో కూడా సభ్యులకు ఇలాంటి సమాచారమే కావాలి.

నా దృష్టిలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురవుతున్నది పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. చట్టం 22వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం వేసే ప్రణాళికలకు, ఇచ్చే నిధులకు ఈ ప్రణాళికే ఆధారం కావాలి. నమూనా నియమాల ప్రకారం ఇది మూడేళ్ల ప్రణాళిక, అందులో ఏడాదికొకటి చొప్పున మూడు ఉప ప్రణాళికలు ఉంటాయి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందు, అంటే డిసెంబరు ఆఖరుకల్లా సిద్ధం కావాలి. రాబోయే మూడేళ్లలో తరగతివారీగా ఎందరు పిల్లలు చేరతారు, అదనంగా ఎందరు ఉపాధ్యాయులు కావాలి, ఏ గదులు, ఏ పరికరాలు కావాలి, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నవి అందులో రాయాలి. ఊళ్లో ఏ ఇంట్లో ఎన్నేళ్ల పిల్లలున్నారో, ఎవరు పని కోసం వలస వెళ్లే ఆలోచనలో ఉన్నారో, ఎవరు ప్రైవేటు బడి వైపు చూస్తున్నారో, ఎందుకు చూస్తున్నారో మాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? అంగన్‌వాడీ కార్యకర్తను పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక్క పూటలో ఆ అంచనా తయారవుతుంది. అయినా ఆ పత్రం పైనుంచి వచ్చిన నమూనాలో అంకెలు నింపి పంపే ఫారంగా మారిపోయింది. మాకు చూపేది దాని చివరి పేజీ మాత్రమే.

ఉపాధ్యాయుల సంఖ్య విషయం తీసుకోండి. చట్టానికి అనుబంధంగా ఉన్న షెడ్యూలు ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఇద్దరే ఉంటే నిబంధన అమలైనట్టే లెక్క, కాని తరగతులు ఐదు. ఒకరు శిక్షణకో, సెలవు మీదో వెళితే రెండోవారు ఐదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టుకోవలసిందే. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప మరే బోధనేతర పనికీ ఉపాధ్యాయులను వాడకూడదని 27వ సెక్షన్ చెబుతున్నా, ఫొటోలు తీసి యాప్‌లలో ఎక్కించే పనికే పూట గడిచిపోతోందని ఉపాధ్యాయులు మొత్తుకుంటున్నారు. వారి మీద బోధనేతర భారం పడకుండా చూడటం కూడా నమూనా నియమాలు కమిటీకి అప్పగించిన బాధ్యతే. నెలలో ఎన్ని రోజులు బడి ఒక్క ఉపాధ్యాయుడితో నడిచిందో ఒక కాగితం మీద రాసి కమిటీ ముందు పెడితే, ఆ కాగితమే ప్రణాళికలో మూడో ఉపాధ్యాయుడి కోసం అడగడానికి ఆధారమవుతుంది. 2022లో 117వ నంబరు జీవోతో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు చాలా ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఆ జీవోను తర్వాత ప్రభుత్వం రద్దుచేసింది. తమ ఊరి పిల్లల సంఖ్య మీద కమిటీలు ముందుగానే వేసుకున్న అంచనాలు చేతిలో ఉండి ఉంటే, ఆ మాట రోడ్డు మీద కాకుండా సమావేశంలోనే ఆధారాలతో చెప్పే వీలుండేది.

ఇక సమావేశానికి ఎవరు రాగలరన్న ప్రశ్న. సభ్యుల్లో ఎక్కువమంది కూలి పనులకు వెళ్లే మహిళలు. పనిదినాన పదకొండు గంటలకు సమావేశం పెడితే మిరపకోతల కాలంలో ఒక్కరూ రారు. వచ్చినవారు ఆ రోజు కూలి వదులుకుని వచ్చినట్టే. అందుకే కొన్ని ఇళ్ల నుంచి భర్త వచ్చి భార్య పేరు ఎదుట సంతకం పెట్టి వెళ్లిపోతుంటాడు. ఇది పంచాయతీల్లో అలవాటైన జబ్బే, బడి దాకా పాకింది. సగం మంది మహిళలు ఉండాలన్న నిబంధన కాగితం మీద నెరవేరినట్టే కనిపిస్తుంది. సాయంత్రం బడి వదిలే వేళకు సమావేశం మొదలుపెడితే, పిల్లల్ని తీసుకెళ్లడానికి ఎలాగూ వచ్చే తల్లులు ఓ గంట ఉండగలరు. ఉపాధ్యాయులకు ఇది అదనపు భారమవుతుందని తెలుసు. నెలకొక్క సాయంత్రమే కాబట్టి, ఆ మేరకు ఏదో ఒక ఉదయం వెసులుబాటు ఇవ్వడం అధికారులకు పెద్ద పని కాదు.

చదువురాని తల్లులకు ముందుగా కాగితాలిచ్చి ఏం ప్రయోజనం అని ఒక అధికారి నాతో అన్నారు. ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేను. కాని ఆ కాగితం ఇంటికి వస్తే నాలుగో తరగతి చదివే కొడుకో, ఆరో తరగతి చదివే కూతురో చదివి వినిపిస్తారు. ఆ పిల్లలకు చదవడం వచ్చో లేదో కూడా అప్పుడే తల్లికి తెలుస్తుంది. పైగా డ్వాక్రా సంఘాల్లో ఇదే మహిళలు పొదుపులు, అప్పులు, వడ్డీలు ఏళ్ల తరబడి లెక్కతప్పకుండా చూసుకుంటున్నారు. పాతిక వేల రూపాయల ఖర్చు పట్టీ అర్థం చేసుకోలేరనడం సరికాదు.

శిక్షణ సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. ఇప్పుడు దాదాపుగా ఛైర్మన్, వైస్ ఛైర్మన్లకే పిలుపు వస్తోంది. వారు తిరిగి వచ్చి మిగతావారికి చెబుతారన్నది ఆశ మాత్రమే. మధ్యలో ఖాళీల్లో చేరిన నాలాంటివారికి ఆ పిలుపూ రాదు. ప్రతి కొత్త సభ్యునికి ఎన్నికైన నెలలోపే, ఆ బడిలోనే, చుట్టుపక్కల బడులను చూసుకునే క్లస్టర్ సిబ్బంది చేత ఒక పూట అన్నీ వివరంగా చెప్పించడం ఖర్చులేని పని. ఆ పూట చేతిలో పెట్టవలసినవి పాత తీర్మానాల నకలు, కిందటేటి ఖర్చుల పట్టీ, పంపిన ప్రణాళిక, దానికి పైనుంచి వచ్చిన జవాబు. ఉపన్యాసం అక్కర్లేదు.

ప్రధానోపాధ్యాయులను ఇందులో ప్రతివాదులుగా నిలబెట్టాలన్నది నా ఉద్దేశం కాదు. పాఠం చెప్పడం, కన్వీనరుగా లెక్కలు రాయడం, వంట చూడటం, యాప్‌లు నింపడం అన్నీ ఒకే మనిషి మీద వేసి, అదనంగా వారం ముందే నకళ్లు పంచమంటే ఆయన విసుక్కోవడంలో న్యాయం ఉంది. అందుకే ఈ బాధ్యతను స్పష్టమైన ఉత్తర్వుగా మండల విద్యాధికారి కార్యాలయానికి అప్పగించాలి. ఆన్‌లైన్‌లో ఎలాగూ ఉన్న ఖర్చు వివరాలను బడివారీగా తెలుగులో ఒక పేజీగా ముద్రించి నెలనెలా పంపాలి. ఒక ప్రతి బడి నోటీసు బోర్డు మీద, ఒకటి గ్రామ సచివాలయంలో అంటించాలి. ఖాళీ పేజీ మీద తీసుకున్న సంతకంతో పంపిన తీర్మానం చెల్లదని అదే ఉత్తర్వులో రాయాలి. దాని వల్ల సభ్యులకు ఎంత రక్షణో, ఆడిట్ వచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయునికీ అంతే రక్షణ.

రాబోయే ఏడాది ప్రణాళికలు డిసెంబరు ఆఖరుకల్లా సిద్ధం కావలసి ఉంది. కాబట్టి ఈ ఉత్తర్వు దసరా సెలవులు ముగిసే లోపే వచ్చేలా చూడాలని పాఠశాల విద్యా కమిషనర్‌ను, సమగ్ర శిక్ష రాష్ట్ర కార్యాలయాన్ని కోరుతున్నాను. అప్పటిదాకా ఏ కమిటీ సభ్యులైనా సమావేశంలో పుస్తకం ముందుకు జరిపినప్పుడు, రాసినది ఒకసారి పైకి చదవమని అడగవచ్చు. దానికి ఏ ఉత్తర్వూ అవసరం లేదు.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు,
ప్రకాశం జిల్లా.